సకినాల డబ్బా

నేను అంబులెన్సులో ఈఎంటీని. బండి నడిపేవాణ్ని మేం పైలట్ అంటాం, వెనక పేషెంటు పక్కన కూర్చునేవాడు ఈఎంటీ. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, సూర్యాపేటకు అటూ ఇటూ నా డ్యూటీ. ఈ రోడ్డు మీద పనిచేసేవాడికి చావు కొత్త కాదు. పురుగుమందు తాగినవాళ్లు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, పాము కరిచిన రైతులు, అన్నిటికన్నా ఎక్కువగా గుద్దుకున్న బండ్లు. కేసు ఆసుపత్రిలో అప్పజెప్పి, సంతకం తీసుకుని, బండి కడిగి, మళ్లీ ఫోను కోసం చూసుకోవడమే. చాలా ఏళ్లు అలా నడిచింది. ఇంటికి పోతే అన్నం సహించేది, పడుకుంటే నిద్ర పట్టేది. మావాళ్లలో కొందరు డ్యూటీ దిగగానే బెల్టుషాపు వైపు నడిచేవారు గానీ నాకు ఆ అవసరం కూడా రాలేదు.

2023 సంక్రాంతి వెళ్లాక వచ్చిన కేసుతో అది మారింది.

పండక్కి ఊరికి వచ్చి కోదాడ వైపు తిరిగి పోతున్న కారు. తెల్లవారుజాము, పొగమంచు. సగం తారు మీద, సగం మట్టిలో ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దింది. మేం చేరేసరికే కారు నడుపుతున్నాయన పోయాడు. పక్క సీట్లో ఆయన భార్యకు ప్రాణం ఉంది. డ్యాష్‌బోర్డు ఆమె కాళ్ల మీదికి వచ్చేసింది. ఒళ్లో పెద్ద స్టీలు డబ్బా. దాని మూత మీద కుడిచేతి వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. మెడకు కాలర్ వేసి బయటికి తియ్యాలంటే ముందు ఆ డబ్బా తియ్యాలి. "వదులమ్మా, నేను పట్టుకుంట" అన్నాను. వినిపించిందో లేదో. ఒక్కో వేలూ విప్పాను. చివరికి చిటికెనవేలు రాగానే చెయ్యి మొత్తం జారిపోయింది. మూత ఊడి సకినాలు సీటు మీద, పగిలిన అద్దం మీద పడ్డాయి.

ఆమె ఆసుపత్రి దాకా రాలేదు. దారిపొడుగునా ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుతూనే ఉన్నాను. వెనక సీట్లో ఉన్న కొడుక్కి ఏడెనిమిదేళ్లుంటాయి. చెయ్యి విరగడం తప్ప పెద్ద దెబ్బల్లేవు. బండిలో నా పక్క బెంచీ మీద కూర్చుని, తల్లి వైపు చూడకుండా నాతో అన్నాడు: "అంకుల్, డబ్బా అక్కడ్నే ఉంది. మా అమ్మమ్మ తిడుతది."

కేసు అప్పజెప్పాను. ఏ నిమిషంలో ఏం చేశామో రాసే కాగితం ఉంటుంది మాకు, పీసీఆర్ అంటాం. అది రాశాను. చెయ్యి వణకలేదు. పైలట్ బండి కడుగుతుంటే బకెట్లు అందించాను. ఇద్దరం చాయ తాగాం. మధ్యాహ్నం ఇంకో కేసుకు పోయాం, పురుడు. ఆ తల్లీబిడ్డా క్షేమం.

తర్వాత ఆ చెయ్యి రావడం మొదలైంది. నేను తలచుకుంటే వచ్చేది కాదు. పళ్లు తోముకుంటుంటే, కండక్టరుకు చిల్లర ఇస్తుంటే, ఉన్నట్టుండి కళ్ల ముందు స్టీలు మూత, దాని మీద నాలుగు వేళ్లు విడిపోయి చిటికెనవేలు ఒక్కటే మిగిలిన క్షణం. అంతకు ముందు జరిగింది గానీ తర్వాత జరిగింది గానీ ఉండదు, ఆ ఒక్క క్షణమే. వచ్చినప్పుడు అరచేతులు చెమటపట్టేవి, గొంతు ఎండిపోయేది. రెండు మూడు సెకన్లే. కానీ ఆ తర్వాత చాలాసేపు నేను ఎక్కడున్నానో అక్కడ ఉండేవాణ్ని కాదు.

అసలు కష్టం పనిలో వచ్చింది. పేషెంటు దగ్గరికి పోగానే మేం మొదట పట్టుకునేది చెయ్యే. మణికట్టు దగ్గర నాడి చూడాలి. ముసలాయన చేతిని పట్టుకున్నా, కాలేజీ పిల్ల చేతిని పట్టుకున్నా వెంటనే ఆ మూత, ఆ వేళ్లు. నాడి లెక్క తప్పేది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేవాణ్ని. కొన్నాళ్లకు మణికట్టు వదిలేసి మెడ దగ్గరే నాడి చూడటం అలవాటు చేసుకున్నాను. అదీ కాకపోతే వేలికి పెట్టే ఆక్సీమీటరు తీసి, అది చూపించే అంకె రాసుకునేవాణ్ని. ఆ మిషను పెట్టాలన్నా వేలు పట్టుకోక తప్పదు కదా. కళ్లు పక్కకు తిప్పి పెట్టేవాణ్ని.

రాత్రులు ఫోను ఆటలతో గడిచేవి. లూడో, బుడగలు పేల్చే ఆట, చేతికి ఏది దొరికితే అది. నిద్ర రాక ఆడేవాణ్నా, ఆడటం వల్ల నిద్ర రాలేదా అంటే రెండూ నిజమే. ఆట మధ్యలో కూడా ఆ చెయ్యి వచ్చిపోయేది. పైలట్ నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. నా వాలకం చూసి ఒకసారి "ఎర్రగడ్డకు పోదామా అన్నా?" అని నవ్వాడు. మా దిక్కున ఎర్రగడ్డ పేరు ఎత్తారంటే పిచ్చాసుపత్రి అని అర్థం. నేనూ నవ్వాను. ఇంకో సీనియర్ ఓ క్వార్టర్ వేసుకుని పడుకొమ్మన్నాడు. అలా చేసి చూసిన రాత్రి నిద్ర పట్టింది. తెల్లారి నాలుగింటికి ఆ చెయ్యే లేపింది.

మా అత్తగారింటి నుంచి సకినాలు వచ్చిన రోజు ఇంట్లో బయటపడింది. పళ్లెంలో పెట్టి నా ముందుంచింది నా భార్య. ఏం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తు లేదు, పళ్లెం మాత్రం గోడకు తగిలింది. పిల్లలు ఏడ్చారు. ఆమె అరవలేదు. ఏరి ఎత్తింది, ఊడ్చింది, వచ్చి నా పక్కన కూర్చుని "ఇది ఎప్పట్నుంచి?" అని అడిగింది. చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తెల్లారి ఆస్పత్రి గోడ మీద చూసిన నంబరు గుర్తుపెట్టుకొచ్చి, తనే డయల్ చేసి ఫోను నా చేతిలో పెట్టింది. 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇన్నేళ్లు ఇతరులకు సాయం కోసం వచ్చే ఫోన్లకు పరుగెత్తినవాణ్ని, నా సంగతి ఫోనులో చెప్పడానికి మాట పెగలలేదు. అటువైపు అమ్మాయి ఓపిక పట్టింది.

వాళ్లు చెప్పినట్టు సర్కారు దవాఖానాలో మానసిక వైద్యుణ్ని కలిశాను. ఆయన పీటీఎస్‌డీ అని, అంటే ఘోరం చూశాక మనసును వదలని జబ్బు అని రాశాడు, నిద్రకు, గాబరాకు మందులిచ్చాడు, హైదరాబాదులో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. అప్పటికి వానాకాలం వచ్చేసింది.

ఆ మేడమ్ మొదట చేయించిన పని జేబులో పట్టే నోట్‌బుక్కులో గీతలు పెట్టించడం. బొమ్మ దానంతటది వచ్చిన ప్రతిసారీ ఒక గీత, ఏ బొమ్మో పక్కన ఒక అక్షరం. చేతికి "చే". అబ్బాయి బెంచీ మీద కూర్చుని నా వైపు తిరిగిన ముఖానికి "అ". ఈ రెండోది కూడా వస్తుందని గీతలు పెట్టేదాకా నాకే స్పష్టంగా తెలియదు. పేజీలు నల్లబడ్డాయి.

తర్వాత ఒకరోజు "చిన్నప్పుడు బ్రిక్ గేమ్ ఆడారా?" అని అడిగింది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. మా బాపు నాకు అక్కడే కొనిచ్చాడు. డబ్బా మీద 9999 ఆటలని రాసుండేది, లోపల తిప్పి తిప్పి పదో పన్నెండో ఉండేవి. అందరం ఆడింది మాత్రం ఒక్కటే, పైనుంచి పడే ఇటుకలను తిప్పి వరస నింపే ఆట. దాని అసలు పేరు టెట్రిస్ అనీ, 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన తయారుచేశాడనీ ఆమె చెప్తే తెలిసింది. దీన్ని వైద్యానికి వాడుతున్నారని చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంత దూరం బస్సెక్కి వస్తే బ్రిక్ గేమా? రాత్రంతా ఆడుతూనే ఉన్నాను కదా మేడమ్ అన్నాను.

ఆమె చెప్పింది ఇది. పొయ్యి ఒక్కటే ఉన్నప్పుడు రెండు గిన్నెలు ఒకేసారి ఎక్కవు. మనసులో బొమ్మలు చూసే చోటు కూడా అలాంటిదే, ఇరుకు. పాత జ్ఞాపకాన్ని బయటికి తీసినప్పుడు అది మళ్లీ గట్టిపడటానికి కొంత సమయం పడుతుందట. ఆ సమయంలో ఆ చోటును వేరే బొమ్మల పనితో నింపేస్తే పాత బొమ్మ మునుపటంత బలంగా కుదురుకోదు. నేను రాత్రిళ్లు ఆడింది బొమ్మను తప్పించుకోవడానికి. ఇక్కడ చేయాల్సింది బొమ్మను ముందు పిలిచి, ఆ తర్వాత ఆడటం. వరస మారితే ఫలితం ఉండదు. ఏ ఆటైనా చాలదు కూడా. ఆకారాలను మనసులో తిప్పాల్సిన ఆట కావాలి. మాటల క్విజ్ ఆడించి చూస్తే ఆ మేలు కనబడలేదట.

రుజువులు అడిగాను. పీసీఆర్‌లు రాసి రాసి నాకు అంకెలంటేనే నమ్మకం. ఎమిలీ హోమ్స్ అనే ఆమె బృందం 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రయోగం చేసింది. వచ్చినవాళ్లకు గాయాలు, చావులు ఉన్న సినిమా చూపించి, అరగంట తర్వాత కొందరితో పది నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఆ తర్వాతి వారంలో ఆడినవాళ్లకు ఆ దృశ్యాలు తక్కువసార్లు వచ్చాయి. ఆ తర్వాత అదే ఊళ్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి రోడ్డు ప్రమాదాల్లో దెబ్బలు తగిలి వచ్చినవాళ్ల మీద చూశారు. మొత్తం 71 మంది, ప్రమాదం జరిగిన ఆరు గంటల్లోపు. ఆడినవాళ్లకు మొదటి వారంలో అలా వచ్చిపడే జ్ఞాపకాలు 62 శాతం తక్కువ. ఆరు గంటలు అనగానే నా బుర్ర మా బండిలోకి పోయింది. ఆ ఆరు గంటల్లో మేం ఎవరి రక్తం ఆపాం, ఏ మందు ఎక్కించాం అన్నది రాస్తాం. ఆ మనిషి ఏం చూశాడో రాసే గడి పీసీఆర్‌లో లేదు.

నాది మాత్రం నెలల నాటిది. దానికి ఆమె జర్మనీలో బోకుమ్ ఆసుపత్రిలో జరిగింది చెప్పింది. చాలా ఏళ్లుగా పీటీఎస్‌డీతో ఉన్న 20 మందిని తీసుకుని, ఒక్కో బొమ్మను కాగితం మీద రాయించి, ఆ కాగితం చింపించి, వెంటనే 25 నిమిషాలు టెట్రిస్ ఆడించారు. ఏ బొమ్మ మీద పనిచేశారో అది రావడం 64 శాతం తగ్గింది, ముట్టుకోని బొమ్మలు 11 శాతమే తగ్గాయి. "ఇది ఇంకా పరిశోధనలోనే ఉంది. మీ మందులు మానొద్దు, మన మాటలు కూడా నడుస్తాయి. నయమవుతుందని నేను అనను. ఒక బొమ్మ రాక తగ్గొచ్చు" అంది. అంత తక్కువ మాట ఇచ్చినందుకే నాకు నమ్మకం కుదిరిందనుకుంటా.

ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో అడ్డం ఉంది. లారీ డ్రైవరు మీద నిర్లక్ష్యంతో ప్రాణాలు తీశాడని ఐపీసీ 304-ఏ కింద కేసు నడుస్తోంది, నేను సాక్షిని. లైట్లు వేయకుండా రోడ్డు మీద బండి ఆపాడని ఆరోపణ. ఆ కుటుంబంలో మిగిలింది ఆ పిల్లవాడు, వాడి అమ్మమ్మ. కోర్టుకు పోయి చూసింది చూసినట్టు చెప్పాల్సినవాణ్ని. ఇప్పుడు ఆ తెల్లవారుజామును నా తలలోంచి చెరిపించుకుంటే, వకీలు అడిగినప్పుడు నేనేం చెప్పాలి? ఆ చెయ్యి నన్ను చంపుతున్నా, అది ఉండటం నా బాధ్యత అనిపించేది. ఒక దశలో ఈ వైద్యం కేసు అయ్యాకే అన్నాను. కేసు ఎప్పుడవుతుందో మన కోర్టుల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆమె తొందరపెట్టలేదు. పరిశోధనల్లో ఈ సంగతి కూడా చూశారని చెప్పింది. ఆడినవాళ్లను తర్వాత కూర్చోబెట్టి, చూసినదాన్ని కావాలని గుర్తుచేసుకోమంటే మిగతావాళ్లతో సమానంగానే చెప్పగలిగారట. తగ్గింది పిలవకుండా వచ్చేది మాత్రమే. వినడానికి బాగానే ఉంది, నమ్మడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. అప్పటికే పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం ఉంది, నేను రాసిన పీసీఆర్ ఉంది. ఆ రెండింటి ధైర్యంతో సరేనన్నాను.

ఆ రోజు ఒక తెల్లకాగితం, పెన్ను ఇచ్చింది. చేతి బొమ్మలో అన్నిటికంటే భరించలేని క్షణం రాయమంది. కథంతా వద్దు, ఆ క్షణమే. రాశాను. చిటికెనవేలి గోరు మీద పండక్కి పెట్టుకున్న గోరింటాకు ఉందని రాస్తున్నప్పుడు తెలిసింది. అప్పటిదాకా అది నాకు కనబడుతూనే ఉన్నా పట్టించుకోలేదు. చొక్కా తడిసిపోయింది. చదివి వినిపించమనలేదు, ఆమె కూడా చదవలేదు. చింపమంది. చిన్న చిన్న ముక్కలు చేసి బుట్టలో వేశాను. వెంటనే టాబ్లెట్ చేతికిచ్చింది.

స్కోరు చూడొద్దంది. పక్కన చిన్నగా కనబడే తర్వాతి ఇటుకను చూస్తూ, అది కిందికి రాకముందే ఎటు తిప్పితే ఎక్కడ సరిపోతుందో మనసులోనే తిప్పి చూసుకోమంది, వేలు తర్వాత కదపమంది. ఏడే ఆకారాలు, ప్రతిదానిలో నాలుగు చదరాలు. సులువని మొదలుపెట్టినవాణ్ని పది నిమిషాలకే అలసిపోయాను. ఇంట్లో లూడో ఆడినట్టు లేదు. కణతలు నొప్పిపుట్టాయి, ఒకచోట విసుగొచ్చి ఆపేద్దామనుకున్నాను. ఆమె "తర్వాతి ఇటుక చూడండి" అని మాత్రం అంటూ ఉంది. అయిపోయాక ఏదో జరుగుతుందని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. ఎల్‌బీనగర్‌లో బస్సెక్కి, చౌటుప్పల్ దాటాక నిద్రపోయాను. నకిరేకల్ దగ్గర మెలకువ వచ్చినప్పుడు చెయ్యి వచ్చింది. నోట్‌బుక్కు తీసి గీత పెట్టాను.

కాబట్టి మాయ ఏమీ లేదు. తగ్గడం గీతల్లో తెలిసింది, నాకు తెలియలేదు. ఇంట్లో కూడా ఎప్పుడెప్పుడు ఏ వరసలో చేయాలో రాసిచ్చింది, చేశాను. కొన్ని వారాలకు "చే" పక్కన గీతలు పలచబడ్డాయి. వచ్చినప్పుడు కూడా దూరంగా, రంగు తగ్గి వచ్చేది. "అ" గీతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. బోకుమ్ లెక్క నా జేబులో నోట్‌బుక్కులోనే కనబడింది. ఇదంతా ఆటవల్లే అని నేను చెప్పలేను. మందులు వేసుకున్నాను, నెలల తరబడి ఆమెతో మాట్లాడాను, నా భార్య నా వెనకాలే ఉంది. కానీ ఒక బొమ్మ తగ్గి పక్క బొమ్మ తగ్గకపోవడానికి మందులు కారణం కావు. మందులకు బొమ్మల తేడా తెలియదు కదా.

మణికట్టు దగ్గర నాడి చూడటానికి మళ్లీ వచ్చాను. ఒకరోజు ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని లెక్కపెట్టి, రాసి, స్ట్రెచర్ బెల్టు బిగించాక గానీ ఏమీ రాలేదన్న సంగతి తట్టలేదు.

కోర్టుకు 2024లో పిలిచారు. బోనులో నిలబడ్డాను. లారీ తరపు వకీలు పదునైన మనిషి. మీరు చేరేసరికి ప్రమాదం అయిపోయింది కదా, లైట్లు ముందు వెలుగుతున్నాయో లేదో మీకెట్లా తెలుసు అన్నాడు. లైట్లు ముందెలా ఉన్నాయో నాకు తెలియదన్నాను. నేను చేరినప్పుడు వెలగడం లేదు, వెనక కొమ్మలు గానీ రాళ్లు గానీ పెట్టి లేవు, టైరు కింద మాత్రం ఒక రాయి ఉంది అన్నాను. బండి ఎటు వంగి ఉంది, కారు ఎంత లోపలికి పోయింది, ఎవరు ఏ సీట్లో ఉన్నారు, అన్నీ చెప్పాను. ఆమెకు స్పృహ ఉందా అని అడిగితే, మాట లేదు గానీ చేత్తో డబ్బా మూత గట్టిగా పట్టుకుని ఉంది, వేళ్లు విడిపించాల్సి వచ్చింది అన్నాను. అది చెప్తున్నప్పుడు నాకు బాధ కలిగింది. కానీ నేను కోర్టులోనే ఉన్నాను, వకీలు ముఖమే కనబడుతోంది. నోట్‌బుక్కులో రాసుకోవడానికి గీత లేదు. అబ్బాయి అమ్మమ్మ వెనక బెంచీలో ఉంది. బయటికొచ్చాక నమస్కారం పెట్టింది, నేనూ పెట్టాను. మేమిద్దరం డబ్బా ఊసెత్తలేదు.

ఇప్పుడు నన్ను అడిగేవాళ్లున్నారు, ఏ యాప్ అన్నా అని. ఒత్తిడి తగ్గిస్తామనే ఆటలు ఫోనులో కుప్పలుగా ఉన్నాయి. మా తమ్ముడి కొడుకు ఒకటి చూపించాడు, రెండు నిమిషాలకో ప్రకటన, గాలి పీల్చి వదిలితే నాణేలు. వైద్యం కోసం జాగ్రత్తగా చేసినవి వేరే ఉన్నాయి. దిగులులో కూరుకుపోయిన పిల్లల కోసం న్యూజిలాండ్‌లో స్పార్క్స్ అనే ఆట చేశారు, దాన్ని 187 మంది పిల్లల మీద పరీక్షించి 2012లో ఫలితాలు బయటపెట్టారు. అమెరికాలో కాలిన గాయాలు శుభ్రం చేసేటప్పుడు నొప్పి తెలియకుండా పేషెంటు కళ్లకు పెట్టే మంచు లోకం ఉంది, స్నోవరల్డ్. కాలిన కేసులను మోసినవాణ్ని కాబట్టి అది మా దవాఖానాల్లో ఉంటే బాగుండేదనిపిస్తుంది. వీటికీ, నాణేల యాప్‌కీ తేడా, పక్కన ఒక మనిషి ఉండి ఏ పేషెంటుకు ఎప్పుడు ఎంత అని చూడటంలో ఉంది. నాకైతే కాగితం లేకుండా, ఆ మేడమ్ లేకుండా ఆ ఆట వట్టి బ్రిక్ గేమే.

ఇదంతా పైలట్‌కు చాలా ఆలస్యంగా చెప్పాను. ఎర్రగడ్డ జోకు వేసినవాడే. బండిలో కూర్చుని విన్నాడు. కాసేపు స్టీరింగు మీద వేళ్లు కొట్టి "నాకు వైపరన్నా" అన్నాడు. అద్దం పగిలిపోయినా ఆ కారు వైపరు ఆగకుండా తిరుగుతూనే ఉందట, వాడే చెయ్యి పెట్టి తాళం తిప్పి ఆపాడట. నేను ఆ వైపు చూడనే లేదు. వాడికి బొమ్మ రాదు, చప్పుడు వస్తుంది, వానపడితే బండి వైపరు వెయ్యడానికి జంకుతాడు. వానాకాలంలో వాడు బండి ఎందుకు నెమ్మదిగా తోలుతాడో అప్పుడు తెలిసింది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. చప్పుడుగా వచ్చేదానికి ఇటుకల ఆట సరిపోతుందని ముందే చెప్పలేను, మనిషిని చూశాకే ఏం చేయాలో అనుకుందాం, తీసుకురండి అంది. వచ్చే గురువారం రమ్మంది. ఇద్దరం డ్యూటీ మార్పించుకున్నాం. నా "అ" బొమ్మకు కూడా అదే రోజు కాగితం పట్టుకుని కూర్చోవాలి.